మన యిండ్లయందు తరిమెనకు చోటు

విశ్వకర్మ భగవానుడు తరిమెన పట్టిన కథ పురాణప్రసిద్ధము. ఆయన కూతురగు సంజ్ఞాదేవి, భర్తయైన సూర్యుని తేజమును సహింపజాలక యిల్లు విడిచి పోయినది. తుదకు మామగారు అల్లుని భ్రమయంత్రముపై నెక్కించి యాతని తేజమున ఎనిమిదవ పాలు చెక్కివేసెననియు, ఆ రాలిన తునుకలతో విష్ణుచక్రమును, శివుని త్రిశూలమును, కుమారస్వామి శక్తిని నిర్మించెననియు విష్ణుపురాణము చెప్పుచున్నది. మార్కండేయపురాణము మఱియొక మాటను గూడ చేర్చినది. ఆ పని శాకద్వీపమున జరిగినదట. యంత్రమును చెప్పి యూరకొనక అది యెచ్చట నిలిపిరో గూడ చెప్పిన ఆ మహర్షికి మేము నమస్కరించుచున్నాము. మూలపురుషునకు తరిమెన నిలుపుకొన ఒక ద్వీపమే దొరకినది. ఆయన సంతతివారమగు మనకు నేడు పదియడుగుల గది దొరకుటయే దుర్లభముగా నున్నది.

మన యువకులలో పలువురు పాత లేతు యంత్రములను కొని యిండ్లయందే వృత్తి సాగింపదలచియు, స్థలము చాలక మానుకొనుచున్నారనియు, ఈ విషయమై మాకు తెలిసినది సంచికకు వ్రాసి యీయవలసినదనియు మన మహాసభ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మేము బడిపంతులము, శబ్దమంజరి చెప్పుకొని బ్రదికినవారము. మా చేతితో ఒక గిన్నెయైనను చెక్కి యెఱుగము. అయినను కంచరి యింట పుట్టి, తరిమెన చప్పుడు వినుచు పెరిగితిమి. లేతునకు చోటు చాలక మా యింట జరిగిన నష్టమును కన్నులార చూచితిమి. కావున పూర్వచరిత్రతో గూడ నాలుగు మాటలు విన్నవించుచున్నాము.

సంస్కృతమున ఈ యంత్రమునకు భ్రమము, భ్రమి, కుందము అను పేర్లున్నవి. కాళిదాసు రఘువంశమున ఆఱవ సర్గయందు అవంతిరాజును వర్ణించుచు, త్వష్ట చక్రభ్రమముపై నెక్కించి యత్నముతో చెక్కిన సూర్యునితో నాతని పోల్చినాడు. మన తెలుగునేలవాడగు కొలచాల మల్లినాథసూరి యచ్చట ఆయుధములకు సానపట్టు యంత్రమని వ్యాఖ్యానించెను. ఆ మహానుభావుని కాదనుటకు మేమెంతవారము? కాని సానపట్టుట పదును కొఱకు, తరిమెన పట్టుట గుండ్రదనము కొఱకు. సూర్యబింబము గుండ్రనిదే గదా యని మా కంచరి మనస్సునకు తోచుచుండును. ఈ వివాదమును పండితులకే విడిచెదము.

శిలలయందు ఈ విద్య యెంత యెత్తున కెక్కినదో చూడదలచువారు హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభముల గుడిని, పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్పగుడిని చూడవలెను. రామప్పగుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచవారసత్వముగా గుర్తించిరి. ఆ నల్లరాతి స్తంభముల నడుములయందలి వలయములను త్రిప్పి చెక్కినవే యని పలువురు శిల్పవిదుల మతము. వేల మణుగుల రాతిని త్రిప్పు తరిమెనకు ఎంత చోటు కావలసి యుండెనో యూహించుకొనుడు! అది యింటిలో పట్టునది కాదు. గుడియే కర్మశాల, ఊరే ప్రాంగణము.

కంచరి తరిమెన మాత్రము ఇంటి వస్తువు. మా తాతగారి తరిమెన పంచలో తూర్పువైపున నుండెడిది. నేలలో పాతిన రెండు కఱ్ఱదిమ్మెలు, వాని నడుమ ఇరుసు, ఇరుసునకు రెండు మూడు చుట్లు చుట్టిన త్రాడు, అంతే. పోతపోసిన ఇత్తడి చెంబును కఱ్ఱబొడిపెకు లక్కతో నంటించి యిరుసున కెక్కించెడివారు. త్రాడు కొనలు రెండును పట్టి మార్చి మార్చి లాగువారు ఎదుట కూర్చుండవలెను. మా యింట ఆ పని మా నాయనమ్మది. త్రాడు ఇటు లాగినపుడు చెంబు ముందునకును, అటు లాగినపుడు వెనుకకును తిరుగును. ముందునకు తిరిగినపుడే ఉలి ఆనవలెను. వెనుకకు తిరుగునపుడు తీసివేయవలెను. తాతగారు నేల కూర్చుండి ఉలిని కాలిబొటనవ్రేలితో నదిమిపట్టి చేతితో నడిపెడివారు. ఇద్దఱి ఊపిరియు ఒకటైనగాని చెంబు నునుపు తేలదు. వారిద్దఱు మాటలాడుకొనని దినములలో చెంబులు పాడగుచుండెడివని మా తండ్రిగారు నవ్వుచు చెప్పెడివారు.

ఈ తరిమెన పొడవు రెండు మూరలే. కాని దాని కావశ్యకమైన చోటు, త్రాడు లాగు మనిషితో కలిపి నాలుగైదు మూరల వెడల్పు. ఈ సంగతి మన పాఠకులు మనసున నుంచుకొనవలెను. అనాది నుండియు తరిమెన కెంత చోటు కావలెనో నిర్ణయించినది తరిమెన కాదు, దానిని త్రిప్పు శక్తి. ఈజిప్టు దేశమున క్రీస్తునకు పూర్వము సుమారు 300 సంవత్సరముల నాటి పెటోసిరిస్ అను పురోహితుని సమాధి గోడపై తరిమెన పట్టువాని బొమ్మ చెక్కబడి యున్నది. అచ్చటను త్రాడు లాగు సహాయకు డొకడు ఎదుట నున్నాడు. ఏటికొప్పాక లక్కబొమ్మల వారును అంకుడు కఱ్ఱను తరిమెన పైననే గుండ్రముగా చెక్కుదురు. కొండపల్లి బొమ్మలు తెల్లపొణికి కఱ్ఱతో చెక్కినవే గాని తరిమెన పట్టినవి కావు. పట్టణవాసులు తఱచుగా ఈ రెంటిని ఒకటిగా భావింతురు.

ఐరోపాలో త్రాడు లాగువాని పని కాలితొక్కుడు చక్రమునకు వచ్చినది. సుమారు 1480 ప్రాంతమున లియొనార్డో డావించి గీసిన బొమ్మలయందు తొక్కుడుపలక, బరువైన చక్రము గల తరిమెన యున్నది. అప్పుడు యంత్రము నేల విడిచి పైకి లేచినది, పనివాడు నిలువబడినాడు, ఎదుటి మనిషి చోటు మిగిలినది. తరువాత 1797లో లండనున సొంత దుకాణము పెట్టిన హెన్రీ మాడ్‌స్లీ, ఉలిని చేతితో పట్టుట మాన్పించి ఇనుపపట్టాల మీద జరుగు పట్టునందు బిగించి, మరచుట్టును కచ్చితముగా కోయు లేతును సిద్ధపఱచెను. పండ్రెండేండ్ల ప్రాయమున తుపాకిమందు గుండ్లలో దట్టించు కూలిగా ప్రవేశించిన కమ్మరి యాతడు! మన బిడ్డలకు చెప్పదగిన కథ యిది.

మాడ్‌స్లీ తరువాత లేతు కర్మాగారములకు పోయినది. ఆవిరియంత్రము ఒకటి, పైకప్పు క్రింద పొడవైన ఇరుసు ఒకటి, దాని నుండి ప్రతి యంత్రమునకు దిగు తోలుపట్టా. ఇక యంత్రమునకు తన యిష్టము లేదు. పై యిరుసునకు సమాంతరముగా వరుసలో నిలువవలసినదే. వెలుతురు ఎటు వచ్చినను, పనివాని ముఖము ఎటున్నను విచారింపరు. మన గోదావరి కృష్ణా మండలములలో నూనె ఇంజనులతో నడచిన మరమ్మతు దుకాణములలో గూడ ఈ విధానమే యుండెడిది. మన వారనేకులు అప్పుడే యింటి పంచ విడిచి పరుల దుకాణమున కూలికి చేరిరి. లేతును యిరుసు లాగుకొనిపోయినది, లేతు వెంట కంచరి కమ్మరులును పోయిరి. మన జాతిచరిత్రలో ఇది చిన్న విషయము కాదు. రాజుల చరిత్రలు వ్రాయువారు దీనిని వ్రాయరు.

ఇంగ్లండు దేశమున మాత్రము ఒక చిత్రము జరిగినది. 1898లో పెర్సివల్ మార్షల్ అనునతడు 'మోడల్ ఇంజనీరు' అను పత్రికను స్థాపించెను. గుమాస్తాలు, ఉపాధ్యాయులు, రైలుపనివారు మొదలగు సామాన్యులు ఇంటి వెనుక కొట్టములో చిన్న లేతు నుంచుకొని చిఱురైలింజనులు చేసికొనుటకు అది దారి చూపినది. గిల్‌ఫర్డు పట్టణపు డ్రమ్మండు సోదరులు అట్టివారి కొఱకు కాలితొక్కుడు లేతులను చేసిరి. 1946లో నాటింగుహాము సమీపమున మైఫర్డు కంపెనీవారు వెలువరించిన ఎం.ఎల్. 7 అను లేతు మిక్కిలి పేరు పొందినది. దాని కేంద్రపు టెత్తు మూడున్నర అంగుళములు, రెండు కేంద్రముల నడిమి దూరము 20 అంగుళములు. విద్యుత్తు మోటారు యంత్రము వెనుకనే కూర్చున్నది. పై యిరుసు అక్కఱలేకపోయినది. మా తాతగారి దిమ్మెల వలెనే లేతు మరల ఇంటి వస్తువైనది.

మన దేశమున 1941లో హరిహరమున మైసూరు కిర్లోస్కరు సంస్థ లేతుల నిర్మాణమునకు పూనుకొనెను. 1953లో బెంగుళూరున హిందూస్థాన్ మెషీన్ టూల్స్ స్థాపితమైనది. మన సికిందరాబాదున ప్రాగా టూల్సు 1943లోనే పుట్టినది. రాజకోట, బటాలా పట్టణముల చిన్న కార్ఖానాలు తక్కువ ధరకు తేలిక లేతులను చేయసాగినవి. నాలుగున్నర అడుగుల బెడ్డు, ఆఱడుగుల బెడ్డు అని కొలతతో పిలుచు యంత్రములు ఇవియే.

మా పినతండ్రిగారి కుమారుడు, మా కన్న పెద్దవాడు, మేము 'అన్నయ్యగారు' అని పిలుచువారు, 1983లో అట్టి నాలుగున్నర అడుగుల లేతు నొకదానిని పాతది కొని యింటికి తెచ్చిరి. పది సంవత్సరములు పరుల దుకాణమున పని చేసి కూడబెట్టిన ధనమంతయు దానికే పోయినది. వదినెగారి గాజులును పోయినవి. ఇంటిలో ఖాళీ యున్నది నడవ ప్రక్క గది యొకటే. తూర్పు పడమరలు పండ్రెండడుగులు, ఉత్తర దక్షిణములు తొమ్మిది. తూర్పున ద్వారము, ఉత్తరమున కిటికీ. అన్నయ్యగారు కిటికీ క్రింద ఉత్తరపు గోడ వెంబడి యంత్రమును నిలిపిరి. ఉత్తరపు వెలుతురు ఎండ లేనిది, దినమంతయు సమమైనది; అది మంచి యెంపికయే.

కాని నేల కడపబండలు. ఒక బండ క్రింద మన్ను క్రుంగియుండినది. మొదటి పెద్ద పని రెండువందల ఇనుప పిన్నులు. అవి అన్నియు ఒక కొన లావు, మఱియొక కొన సన్నము. ఆఱంగుళముల పొడవునకు నాలుగు థౌలు, అనగా అంగుళమున వేయింట నాలుగు పాళ్లు తేడా. పని యిచ్చినవారు అన్నిటిని త్రిప్పి పంపిరి. అందు వారి తప్పేమియు లేదు. అన్నయ్యగారు పాతయంత్రము నమ్మి మోసపోతినని మూడు దినములు అన్నము ముట్టలేదు. నాలుగవ దినమున, ఒకప్పుడు ఆయనకు పని నేర్పిన వృద్ధుడొకడు వచ్చి యంత్రమును చూడక ముందు నేలను చూచినాడు.

ఆయన చేసిన పరీక్షను వివరముగా చెప్పెదము. ఇది ఇండ్లలో లేతు పెట్టువారందఱికి పనికివచ్చును. లేతు పట్టాలు రెండును ఒకే సమతలమున నుండవలెను. ఒక కాలు క్రుంగినచో పట్టాలు మెలిదిరుగును. కంటికి కానరాదు. కాని ఉలి నడచిన కొలది కడ్డీకి దగ్గరగానో దూరముగానో జరుగుచుండును. ముందుగా రసమట్టమును పట్టాలకు అడ్డముగా చక్కు దగ్గర ఒకమాఱు, రెండవ కొన దగ్గర ఒకమాఱు ఉంచి చూడవలెను. యంత్రము మొత్తముగా కొంచెము వాలియున్నను చింతలేదు. రెండు చోట్లను బుడగ ఒక్క తీరుననే నిలువవలెను. తరువాత అంగుళమున్నర లావు కడ్డీని చక్కునందు బిగించి, ఆఱంగుళములు బయటికి విడిచి, రెండవ కొనను దేనికిని ఆనింపక, నడుమ లోతుగా చెక్కి, ఇరుకొనలయందు ఒక్కొక్క వలయమును మిగుల్పవలెను. ఉలి లోతు మార్చకయే రెండు వలయములను సన్నముగా చెక్కి మైక్రోమీటరుతో కొలువవలెను. బయటి వలయము లావైనచో ఉలి అచ్చట దూరమగుచున్నదన్నమాట. చక్కునకు దూరపు కాళ్లలో ఒకదాని క్రింద పలుచని రేకుముక్క చేర్చి, బోల్టు బిగించి, మరల చెక్కి, మరల కొలువవలెను. ఆ వృద్ధుడు సాయంకాలము వఱకు కూర్చుండి రేకులు మార్చుచు వచ్చెను. దీపములు పెట్టు వేళకు రెండు వలయములును సరిపోయినవి. వదినెగారు ఆయనకు పాదనమస్కారము చేసిరి. యంత్రము దోషము లేనిదే.

రెండవ చిక్కు పొడవు కడ్డీలది. లేతు ముందు నిలిచినవానికి చక్కు ఎడమ చేతి వైపున నుండును. ఉత్తరమునకు తిరిగి నిలిచినచో ఎడమవైపు పడమర. అచ్చటి గోడ యంత్రమునకు మూరెడు దూరముననే యున్నది. చక్కు వెనుకనుండి ఇరుసు రంధ్రముగుండా పొడవైన కడ్డీని పంపుటకు చోటు లేదు. ప్రతి కడ్డీని తునుకలుగా కోసికొనవలసి వచ్చెను. వ్యర్థము, కాలహరణము. అందుచేత అన్నయ్యగారు యంత్రమును దక్షిణపు గోడకు మార్చిరి. అప్పుడు చక్కు తూర్పునకు వచ్చినది. కడ్డీ కొన ద్వారముగుండా నడవలోనికి చాచుకొన్నది. కాని కిటికీ వీపు వెనుకకు పోయి తన నీడ తన పనిపైననే పడసాగెను. అది సహింపవచ్చును. కడ్డీ సంగతి యట్లు కాదు. ఇరుసు వెనుక ఆధారములేక చాగియున్న సన్నని కడ్డీ, వేగము హెచ్చినపుడు ఒక్కసారిగా వంగి కొరడావలె చుట్టును కొట్టును. 1986లో ఒక దినమున ఆ కడ్డీ వంగినది. చప్పుడు విని ఏమియో చూడబోయి నడవలోనికి వచ్చిన అన్నయ్యగారి కుడి మోచేతినే అది కొట్టినది. ఎముక అతికినది గాని చేయి నిండుగా చాపుట మరల రాలేదు. బడినుండి పిల్లలు నడవలో నడచి వచ్చు వేళకు ఇంక పావుగంట యున్నది. ఆ పావుగంటను తలచుకొని వదినెగారు నేటికిని చేతులు జోడింతురు.

ఆ తరువాత యంత్రము మరల ఉత్తరపు గోడకే వచ్చినది. ఈసారి బండలు తీసి సిమెంటుకాంక్రీటు దిమ్మె పోసిరి. పడమటి గోడలో, ఇరుసు రంధ్రమునకు సరియైన యెత్తున, మూడంగుళముల కన్నము తొలిచి, అందు ఇనుపగొట్టము నమర్చి, దానిని పెరటిలో గుంజకు బిగించిరి. ఎంత పొడవు కడ్డీయైనను ఆ గొట్టములోననే తిరుగును. వంగుటకు వీలులేదు, మనుష్యులు తగులరు. గొట్టము కొనకు రేకుమూత. గోడకు కన్నము పెట్టుట అశుభమని ఇరుగుపొరుగువారనిరి. అన్నయ్యగారు తమ మోచేయి చూపి యూరకొనిరి.

వాస్తువును గూర్చి మమ్ము తఱచుగా నడుగుదురు. అగ్నికి ఆగ్నేయమని పెద్దలు చెప్పిరి. కొలిమికి అది చెల్లును. లేతు అగ్ని కాదు. మయమతము, భోజరాజు సమరాంగణసూత్రధారము మొదలగు వాస్తుగ్రంథములు గాలి వెలుతురు నీరు నిప్పు మనుష్యుని నడక అను వాని నరసియే దిక్కులను చెప్పినవని మా అభిప్రాయము. వెలుతురును కాదని, మనుష్యుని నడకకు అడ్డముగా, ఒక మూల పేరు చెప్పి యంత్రమును నిలుపుట శాస్త్రము కాదు, శాస్త్రభయము. దీనికి కోపగించు మిత్రులు మన సభ్యులలోనే యున్నారని యెఱుగుదుము.

కొలతల విషయమున అన్నయ్యగారి నోట విన్నవి: పనివాడు నిలుచు చోటు రెండు మూరలకు తగ్గరాదు, ఆ చోటున గడప గాని మెట్టు గాని యుండరాదు. వెనుక గోడకు, యంత్రమునకు నడుమ చేయి దూరి పట్టా మార్చుటకును, చెక్కిన ఇనుప చుట్టలను ఊడ్చుటకును ఖాళీ కావలెను. గోడకు అదిమి పెట్టినచో మొదట చోటు మిగిలినట్లే తోచును. ఏడాదికి వెనుక అంతయు రజను, తేమ, త్రుప్పు. ఎడమ కొనయందు పండ్లచక్రముల మూత తెఱచుటకు, కుడి కొనయందు టెయిల్‌స్టాకును జరిపి తీయుటకు మూరెడు మూరెడు చొప్పున వదలవలెను. కేంద్రపు టెత్తు మోచేతికి సరిగా నుండవలెను. పొట్టివాడు పీట వేసికొనవచ్చును, పొడుగువాడు వంగి వంగి నడుము పోగొట్టుకొనును. సానరాయిని లేతు ప్రక్కన పెట్టరాదు. దాని పొడి పట్టాలపై పడి ఆకురాయివలె అరుగదీయును. గొట్టపుదీపము ఒక్కటే వెలిగించి పనిచేయరాదు. దాని మిణుకు వలన తిరుగుచున్న చక్కు నిలిచియున్నట్లు కానవచ్చుట కద్దు, చేయి పెట్టిరా, పోయినదే. ఒక మామూలు బల్బు ఎడమ భుజము మీదుగా వ్రేలాడవలెను. ఇంటి మోటారు ఒంటి ఫేజు 230 వోల్టులకు తగినదో కాదో కొనకముందే అడుగవలెను. మూడు ఫేజుల మోటారు చవుకగా వచ్చినదని తెచ్చి వాకిట నుంచుకొన్నవారిని మేమెఱుగుదుము.

ఇక మన పోషకులకు ఒక విన్నపము. 2023 సెప్టెంబరు 17వ తేదీన ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకమున 18 వృత్తులవారికి పనిముట్ల నిమిత్తము 15 వేల రూపాయలును, నూటికి 5 వడ్డీపై మొదట ఒక లక్ష, పిమ్మట రెండు లక్షల అప్పును ఏర్పఱచిరి. ధనము కొంత దొరకునట్లైనది. చోటు ఎవరు నిత్తురు? బుడితి, అజ్జరము వంటి యూళ్లలో ఇంకను పంచలు, పెరళ్లు ఉన్నవి. పట్టణములలో అద్దెగదులలో నున్న మన పిల్లలు మేడమీదికి కొన్ని వందల కిలోల యంత్రము నెక్కింపజాలరు. ఎక్కించినను ఇంటి యజమాని ఒప్పుకొనడు. మన సత్రపు వెనుక భాగమున శిథిలమైన వంటకొట్టము ఒకటి యున్నది. పడమటి గోడ మాత్రము గట్టిది; ఉత్తరమున రెండు కిటికీలు; కొలిచి చూచితిమి, ముప్పదియడుగుల పొడవు, పదునాలుగడుగుల వెడల్పు. ఉత్తరపు గోడ వెంబడి నాలుగున్నర అడుగుల లేతులు మూడు, చాలినంత యెడముతో నిలుపవచ్చును. కప్పు వేయించి, నేలను కాంక్రీటు చేయించి, గంటల చొప్పున మన యువకులకు స్వల్ప రుసుమునకు విడిచినచో, చోటు లేక మానుకొన్నవారికి త్రోవ దొరకును. ఈ విషయమును ఈ యేటి మహాసభయందు చర్చకు పెట్టవలసినదని కార్యదర్శిగారికి వేఱుగా వ్రాసితిమి.

కొలుచుటకు పోయిన దినమున అన్నయ్యగారును మాతో వచ్చిరి. ఎనుబదికి చేరువైన ఆ చేతితోనే టేపు పట్టిరి. మూడవ లేతు చక్కు వచ్చు చోట పడమటి గోడపై సుద్దముక్కతో ఒక గుండ్రని గుర్తు గీసి, కన్నము ఇచ్చట, గొట్టము మూడంగుళములకు తగ్గనీయకుడని చెప్పిరి.